ధోకా

ఎండకాలం మొదట్ల
ధర్మాబాద్‌ల రైలు ఆగకముందే
లోపలున్నోళ్లు తుమ్ముతరు, కిటికీలు మూస్తరు.
మేము అప్పటికే గోదాముల కూసుంటం.
మోకాళ్ల నడుమ మిర్చి కుప్ప,
బొటనేలుకు చూపుడేలుకు నడుమ ఒక ముచ్చిక,
పుటుక్కు, పుటుక్కు,
కిలోకు ఇంత అని లెక్క.

నిన్న ఒక పిల్ల వచ్చింది నాందేడ్ నుంచి.
మూతికి గుడ్డ, చేతిల అట్ట, అట్ట మీద కాయితం.
గడప దాటంగనె ఏడు తుమ్ములు తుమ్మింది.
లెక్కవెట్టి నవ్వినం.
"కొత్త ముక్కు" అన్నది రుక్మబాయి.

నీళ్లు తాగి, కండ్లు తుడుసుకొని
ఒక్కొక్కల్ని అడిగింది మరాఠీల:
కామాత్ ధోకా ఆహే కా?

పనిల ధోకా ఉన్నదా అంటె
లేకుంటెట్లుంటది బిడ్డా!
రుక్మబాయి ముందుగాల అందుకున్నది:
కాంటా కింద కాలు బొటనేలు పెడ్తడు ముకద్దం మారోతి,
మూడు కిలోలు ఆ వేలు మీదనె నిలవడ్తయి.
తాలుకాయ ఏరిన కూలి
పోయినేడుది ఇంకా రాలేదన్నది జంగుబాయి.
నేను చెప్పిన:
మూతిగుడ్డలకని తలా ఇరవై కోసిండ్రు,
ఇచ్చింది బెల్లం ముక్క.
నాలిక మీద పెట్టుకుంటె దుమ్ము కిందికి దిగుతదట.
దిగుతది, నిజమే.
దిగి యాడికి పోతదో ఎవ్వలూ అడగలే.

పిల్ల రాస్తనే ఉన్నది.
కాయితం మీద గడులు చిన్నగున్నయి,
మా ధోకాలు పట్టక పక్కపొంటి రాసింది.

ఆఖర్న సైగ చేసింది,
గొంతు మీద చెయ్యి, రొమ్ము మీద చెయ్యి:
దగ్గు? దమ్ము? మంట?
అయ్యో, అవా!
అవి పనిలనే ఉంటయి గదా,
కారం గుణం కారంది.
రాత్రి చేతులు సల్లల ముంచుకుంటం,
ఒంటికి పోవాల్నన్నా ముందు వేళ్ల దిక్కు చూసుకుంటం.
నా బిడ్డ పాలు మరిచేదాక
దాని చెంప మోచేతితోనే నిమిరిన.
ఇప్పటికీ అది నిద్రల
నా మోచెయ్యి ఎతుకుతది.
ఇది మాత్రం చెప్పలే.
ఇది రోగమా, రాసుకోవడానికి?

పిల్ల పోయినంక
చాయ్ తెచ్చిన పోరడు, ఆరు చదివెటోడు, చెప్పిండు:
మరాఠీల ధోకా అంటె మోసం కాదు పెద్దమ్మా,
అపాయం.

గోదామంత నవ్వింది.
నవ్వుకు దగ్గొచ్చింది.
రుక్మబాయి లేచి గోడ పట్టుకొని
శానసేపు నిలవడ్డది.

రాత్రి నిద్ర రాలే.
మొదటేడు నేను గూడ తుమ్మిన,
కండ్లల్ల నీళ్లు కారంగ ఇంటికి పోయిన.
రెండోయేడు తగ్గినయి.
మూడోయేడు ఒక్కటి లేదు.
"ఇగ నువ్వు మాల కలిసినవ్" అన్నరు అందరు,
సంబురపడ్డ.
మొరగని కుక్కను చూసి
దొంగలు రాలేదనుకున్న.

ఆ పిల్ల మళ్లొస్తనన్నది.
వస్తె చెప్పాలె,
మేము చెప్పింది కొట్టెయ్యకు,
మారోతి వేలు గూడ అపాయమే.
దాని కింద ఇంకొకటి రాసుకో:
నా ముక్కు.

పొద్దుగాల రుక్మబాయి రాలే.
ఆమె పీట మీద ముకద్దం
పదారేండ్ల కొత్త పిల్లను కూసోబెట్టిండు.
కుప్ప దగ్గరికి గుంజుకోంగనె
తుమ్ముడు సురువు చేసింది.
ఒకటి, రెండు, అయిదు.
ఎవ్వలూ నవ్వలే.

చిన్నగున్నప్పుడు నేను తుమ్మితె
మా అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టి
నూరేండ్లు, అనేది.

నా చేతులు కారం చేతులు.
మోచెయ్యి దాని భుజానికి ఆనిచ్చి
లోపలనె అనుకున్న,
తుమ్ము బిడ్డా, ఇంకా తుమ్ము.